దక్షిణ ధ్రువానికి ర్యాంపు

పద్నాలుగవ నిబంధన వెనుక దురుద్దేశం ఉన్నదని ఎవరూ అనలేరు. రాష్ట్ర సాహసయాత్రా ప్రోత్సాహక మండలి దానిని నిజమైన పశ్చాత్తాపంతోనే రూపొందించింది. ఒకానొక వార్షికోత్సవంలో, చక్రాల కుర్చీలో వచ్చిన ఒక విలువిద్య క్రీడాకారుణ్ణి సన్మానించడానికి నలుగురు ఉద్యోగులు ఆయనను కుర్చీతో సహా ఎత్తి వేదిక మీదికి చేర్చబోయారు. ఆ నలుగురిలో ముగ్గురు కుడివైపుకూ, ఒకరు ఎడమవైపుకూ తిరగడం వల్ల సన్మానగ్రహీత కొంతసేపు పూలకుండీల మీదుగా గాలిలో నిలిచిపోయారు. పత్రికల వారు సరిగ్గా ఆ క్షణాన్నే ఫోటో తీశారు.

మర్నాడు మండలి అత్యవసరంగా సమావేశమైంది. ర్యాంపు, చేపట్టు కమ్మీ, అనువైన మరుగుదొడ్డి, సూచిక బోర్డు, కనీసం రెండు వాహనాలు నిలిపే చోటు లేని ఏ గమ్యస్థానానికీ ఇకపై విభిన్న ప్రతిభావంతులను పంపరాదని తీర్మానించింది. గమ్యస్థానం అవరోధరహితమని ముందుగా నిర్ధారణ పత్రం రావాలి. ఆ తరువాతే యాత్రకు సమ్మతి పత్రం ఇవ్వాలి. ఈ నిబంధన రెండేళ్ళపాటు ఏ చిక్కూ లేకుండా అమలయింది. ఆ రెండేళ్ళలో మండలి ఎవరినీ ఎక్కడికీ పంపలేదు.

మూడో ఏట జూలై నెలలో వాసుపల్లి నూకరత్నం దరఖాస్తు వచ్చింది. గమ్యస్థానం అన్న చోట ఆమె గుండ్రని అక్షరాలతో ‘దక్షిణ ధ్రువం’ అని రాసింది.

నూకరత్నానికి ముప్పై నాలుగేళ్ళు. విశాఖపట్నం చేపలరేవులో ఒక ఐసు ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే పని చేసేది. ఏడేళ్ళ కిందట తడిసిన ఇనుపమెట్ల మీది నుంచి జారి పడటంతో వెన్నుపూస విరిగింది, వెన్నుపాము దెబ్బతిన్నది. బొడ్డుకు దిగువన కదలికా లేదు, స్పర్శా లేదు. బొడ్డుకు ఎగువన మాత్రం రెండు భుజాలూ, ఒక నోరూ మునుపటి కంటే బలపడ్డాయి. ఆమెలాగే వెన్నుపాము దెబ్బతిన్న మరి ముగ్గురితో, మూడు దేశాల వారితో, ఆమె ఒక జట్టులో చేరింది. కూర్చుని చేతులతో నడుపుకొనే స్కీ బండ్ల మీద చివరి నూటపదకొండు కిలోమీటర్లు మంచులో సాగి, డిసెంబరు నెలాఖరుకు దక్షిణ ధ్రువం చేరాలని ఆ జట్టు సంకల్పం. ఖర్చంతా జట్టుదే. మండలి నుంచి కావలసిందల్లా ఒక్క కాగితం: స్వదేశంలోని గుర్తింపు పొందిన సంస్థ ఆ యాత్రకు సమ్మతిస్తున్నదన్న పత్రం. అది సెప్టెంబరు ముప్పయ్యవ తేదీలోగా అందకపోతే ఆమె స్థానం వరుసలోని తరువాతి మనిషికి పోతుంది.

ఆమె సాధన రోజూ తెల్లవారగానే సముద్రపు ఒడ్డున సాగేది. మేనమామ పోలయ్య పడవలకు ఫైబరు అతుకులు వేసే మనిషి. పగిలిన తెప్ప అడుగుభాగం కోసి, దాని కింద రెండు పట్టీలు బిగించి, నడుముకు బెల్టు పెట్టి ఆమెకొక బండి చేసిచ్చాడు. వెనుక లారీ టైరు కట్టుకొని, రెండు పొట్టి కర్రలు ఇసుకలో గుచ్చుతూ, తన్ను తాను చేతులతో లాక్కుంటూ ఆమె సాగిపోయేది. చేపల బుట్టలతో పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవారు.

“ఓలె నూకరత్నం, ఇసక దున్నుతున్నావేటే? ఏటి పండిస్తావు?”

“మీ నోళ్ళకి ఉప్పు రాసి ఎండబెడదావని సోటు సదును సేస్తన్నానే.”

“నవ్వితే నవ్వండి గానీ అడ్డం తప్పుకోండే,” అనేవాడు పోలయ్య, టైరు వెంట నడుస్తూ. “నాలుగు మైళ్ళు లాగీసింది. మీ మొగుళ్ళు వల సగం లాగి బీడీ ఎలిగిస్తారు.”

ఆగస్టు రెండవ వారంలో, విశాఖపట్నం బీచిరోడ్డు మీదే ఉన్న మండలి కార్యాలయం నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. ఆ కార్యాలయపు ర్యాంపు నిజంగానే మేలైనది. పన్నెండడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు. నిబంధనలో ఎంత ఉన్నదో అంతే. సంచాలకులు పిడపర్తి ఉమాకాంతం గారు వచ్చినవారు దానిని మెచ్చుకొనేదాకా వేరే ప్రసంగం ఎత్తేవారు కారు.

“ర్యాంపు చూశారా అమ్మా?”

“చూశానండి. బాగుంది.”

“ఒకటికి పన్నెండు.”

“చేతులకి తెలిసిందండి.”

“సంతోషం. మీవంటి విభిన్న ప్రతిభావంతులు మా మండలికి నిత్యస్ఫూర్తి. ఇక ప్రస్తుతాంశానికి వద్దాం. దక్షిణ ధ్రువం వద్ద ర్యాంపు ఉన్నదా?”

“అక్కడ మెట్లే లేవండి.”

ఉమాకాంతం గారు పక్కన కూర్చున్న సూపరింటెండెంటు పేరి కమలకుమారి గారి వైపు చూశారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ ఒక్క ఫైలు పోగొట్టలేదు. ఫారం తెరిచి, వేలితో వరుస వెంట చూసుకుంటూ చెప్పారు.

“మెట్ల గురించి గడి లేదు సార్. ర్యాంపు గురించి ఉంది. ‘ఉన్నది’, ‘లేదు’. రెండే.”

“వర్తించదు అని రాయకూడదాండీ?” అన్నది నూకరత్నం.

“ఆ గడి తీసేశామమ్మా. అది ఉన్నన్నాళ్ళూ జిల్లాల నుంచి వచ్చిన ప్రతి ఫారంలోనూ ప్రతి ప్రశ్నకూ ‘వర్తించదు’ అనే రాసి పంపారు. ఒక కాలేజీ వాళ్ళు తమ పేరు దగ్గర కూడా అదే రాశారు.”

“అందువల్ల ‘లేదు’ అనే నమోదు చేయవలసి ఉంటుంది,” అన్నారు ఉమాకాంతం గారు విచారంగా. “‘లేదు’ అని నమోదైతే, గమ్యస్థానం అవరోధసహితం.”

“సార్, కంటికి ఆనినంత మేరా సదును. గాలికి మంచు కోసుకుపోయి అక్కడక్కడ గట్లుంటాయంట, మోకాలెత్తు. చేతులు గట్టిగా ఏస్తే దాటీగలం.”

“గట్లు!” ఆయన రాసుకున్నారు. “వాటికి చేపట్టు కమ్మీ?”

నూకరత్నం ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. పరిహాసమేమీ కనిపించలేదు.

“భయపడవలసింది గట్ల గురించి కాదండి. నా కాళ్ళ గురించి. వేళ్ళు చలికి గడ్డకట్టి నల్లబడిపోయినా నాకు తెలీదు. అందుకే గంటకోసారి బూట్లు విప్పి చేత్తో తడిమి చూసుకోవాలి. బూటులో చిన్న ఉష్ణమాపకం పెట్టుకుంటున్నాను. మా ఐసు ఫ్యాక్టరీ వాళ్ళని బతిమాలి, చలిగదిలో కూర్చుని మూడు నెలలుగా అదే నేర్చుకుంటున్నాను. మీకు పనికొస్తే ఆ లెక్కలు ఇస్తాను.”

“దానికి గడి?” అని ఉమాకాంతం గారు అడిగారు.

“లేదు సార్.”

“అయితే మండలి దృష్టిలో ఆ సమస్య లేనట్టే. మీరు ధైర్యంగా ఉండండి.”

నూకరత్నం కుర్చీ చక్రాలను రెండు చేతులా పట్టుకొని ముందుకు వంగింది.

“సార్, ఏడేళ్ళ నుంచి నేను బ్యాంకుకెళ్ళినా ఆస్పత్రికెళ్ళినా పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరు నన్ను ఎత్తాలి. ఎత్తినోళ్ళందరికీ దండం పెట్టాలి. భూమ్మీద ఒక్క సోటన్నా నన్నెవరూ ఎత్తకుండా నా సేతులతో నేను ఎల్లి రావాలండి. అదొక్కటే నాకు కావలసింది. ఒక్క కాయితం ఇయ్యండి.”

ఉమాకాంతం గారు కదిలిపోయారు. ఆయన హృదయం లేని మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మా, ఆ ధ్రువాన్ని మీకు అనువుగా చేయించే పూచీ నాది,” అన్నారు.

ఆ మాట ఆయన నిలబెట్టుకోవడమే కష్టాలన్నిటికీ మూలమైంది.

మొదట స్థల పరిశీలన జరగాలి. పరిశీలనాధికారి స్వయంగా పోలేనంత దూరంలో గమ్యస్థానం ఉన్నప్పుడు పటం చూసి పరిశీలించవచ్చునని ఒక ఉపనిబంధన ఉన్నది. ఆ పని సర్వేయరు శనపతి లోకనాథానికి అప్పగించారు. అతడు నాలుగు రోజులు అట్లాసు ముందు కూర్చుని నివేదిక సమర్పించాడు. అందులో హద్దులు ఇలా ఉన్నాయి: తూర్పున ఉత్తరము, పడమర ఉత్తరము, దక్షిణమున ఉత్తరము, ఉత్తరమున ఉత్తరము.

నివేదిక వెంటనే తిరిగి వచ్చింది. నాలుగు హద్దులూ ఒకటే అని రాయడం ఉద్యోగధర్మం పట్ల అలసత్వానికి నిదర్శనమనీ, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ దాని మీద ఎర్రసిరాతో రాసి ఉన్నది. లోకనాథం ఫైలు పట్టుకొని కమలకుమారి గారి బల్ల దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, ముప్పయ్యేళ్ళు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచాను. హద్దుల కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూశాను. అక్కడ నిలబడితే ఎటు తిరిగినా ఉత్తరమే. పక్కవాడితో తగాదా పడే వీలు లేని స్థలం నా సర్వీసులో ఇదొక్కటే. దీన్ని నేను మార్చలేను.”

“మార్చొద్దు లోకనాథం గారూ. నాలుగు చోట్లా ‘మంచు’ అని రాయండి.”

“అప్పుడూ నాలుగూ ఒకటే కదండీ?”

“మంచు సరిహద్దు అవుతుంది. ఉత్తరం దిక్కు అవుతుంది. దిక్కు దగ్గర దిక్కు రాస్తే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు.”

అలా హద్దులు తేలాయి. తరువాత స్థానిక సంస్థ అభ్యంతరం లేదని చెప్పాలి. ‘కార్యదర్శి, స్థానిక పరిపాలనా సంస్థ, దక్షిణ ధ్రువం’ అన్న చిరునామాకు రిజిస్టరు ఉత్తరం వెళ్ళింది. పదిహేను రోజుల్లో జవాబు రాని పక్షంలో అభ్యంతరం లేనట్టే భావించాలన్న నియమం ప్రకారం, దక్షిణ ధ్రువ పంచాయతీ ఆగస్టు ముప్పై ఒకటవ తేదీ సాయంత్రం అయిదు గంటలకు తన మౌనాంగీకారం తెలిపింది. ఇంత సహకరించిన స్థానిక సంస్థను తాను ఎన్నడూ చూడలేదని ఉమాకాంతం గారు సిబ్బంది సమావేశంలో ప్రశంసించారు.

ఇక మిగిలింది ర్యాంపు. దానిని ధ్రువానికి పంపడం ఎలాగో ఎవరికీ తోచలేదు. సెప్టెంబరు మొదటి వారంలో ఉన్నతస్థాయి కమిటీ రెండు పూటలు చర్చించి, సాహసయాత్రల చరిత్రలో అంతవరకూ ఎవరి ఊహకూ అందని తీర్మానం చేసింది. గమ్యస్థానానికి సౌకర్యాలను చేర్చలేని పక్షంలో, సౌకర్యాల వద్దకు గమ్యస్థానాన్ని చేర్చవచ్చును.

కార్యాలయం పక్కన ఖాళీ స్థలంలో పని మొదలయింది. పదిహేను రోజుల్లో తెల్లసిమెంటుతో పదకొండడుగుల మంచుగుట్ట లేచింది. దాని నెత్తిన ఎరుపు తెలుపు చారల స్తంభం, స్తంభం మీద అద్దాల గోళం. అడుగు నుంచి శిఖరం దాకా మెలికలు తిరుగుతూ ర్యాంపు, దానికి రెండు వైపులా స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు. ఒక పక్క వాహనాల నిలుపుదల. మరో పక్క మరుగుదొడ్లు. ఒక తలుపు మీద పంచె కట్టిన పెంగ్విన్ బొమ్మ, రెండో తలుపు మీద చీర కట్టిన పెంగ్విన్ బొమ్మ. ధ్రువం దగ్గర పెంగ్విన్లు ఉండవని లోకనాథం గొణిగితే, అక్కడ సౌకర్యాలు లేకపోవడం వల్లనే ఉండవని ఉమాకాంతం గారు వివరించారు.

సూచిక బోర్డు మీద పెయింటరు ‘దక్షిణ ధ్రువం (నమూనా)’ అని రాశాడు. ఉమాకాంతం గారు కుండలీకరణాలతో సహా చివరి మాటను తుడిపించారు.

“నమూనాకు ముఖ్య అతిథి రారు,” అన్నారు.

సెప్టెంబరు ఇరవై అయిదున ఆయన నూకరత్నాన్ని పిలిపించి, కిటికీ తెర తొలగించి చూపించారు.

“మీ కల, అమ్మా! ఇరవై తొమ్మిదవ తేదీ ఉదయం పదకొండు గంటలకు మీరు దక్షిణ ధ్రువం చేరుకుంటున్నారు. ఎవరూ ఎత్తనక్కర లేదు. మీరు కోరినట్టే.”

నూకరత్నం కిటికీలోంచి చూసింది. ఒక పనివాడు ధ్రువానికి గొట్టంతో నీళ్ళు పడుతున్నాడు.

“చాలా కష్టపడ్డారు సార్,” అన్నది. “మరి డిసెంబరులో అసలుదానికి?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే భారం కమలకుమారి గారి మీద పడింది. ఆవిడ కళ్ళు కాగితం మీది నుంచి ఎత్తలేదు.

“ఒకసారి చేరిన గమ్యానికి రెండోసారి సమ్మతి ఇవ్వకూడదమ్మా. ఒక లబ్ధిదారుకి ఒక ధ్రువం.”

ఆ సాయంత్రం పోలయ్య బండి పట్టీలకు మైనం రాస్తూ ఊరుకోలేకపోయాడు.

“ఎల్లకు. ఆల సిమెంటు గుట్ట ఆలనే ఎక్కమను.”

“ఎల్లకపోతే కాయితం రాదు మావా. ఎల్లి ఎక్కితే కాయితం సెల్లదు.”

“మరేటి సేస్తావు?”

“ఉండు, ఆలోసించనీ.” ఆమె ఆహ్వానపత్రం తిప్పి తిప్పి చదివింది. తరువాత మండలి వెబ్‌సైటులోని పద్నాలుగవ నిబంధనను, ఐసు యంత్రపు పటం చదివినంత శ్రద్ధగా, మొదటి నుంచి చివరిదాకా చదివింది. మర్నాడు కార్యాలయం తెరవగానే ఫోన్ చేసింది.

“మేడమ్, నూకరత్నాన్నండి. ఒక సందేహం. మీ గుట్ట ఎక్కాలన్నా పద్నాలుగో నిబంధన ప్రకారం ముందు పత్రాలు రావాలి కదండీ?”

నిబంధనల పుస్తకం తిరగేస్తున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది.

“రావాలి,” అన్నారు కమలకుమారి గారు. “నిర్ధారణ పత్రమూ, సమ్మతి పత్రమూ చేతికి ఇచ్చాకే ర్యాంపు మీద చక్రం పెట్టనివ్వాలి. లేకపోతే నా ఉద్యోగం పోతుంది.”

“వాటిలో గమ్యస్థానం పేరు ఏమని రాస్తారండి?”

“సూచిక బోర్డు మీద ఉన్న పేరే రాయాలమ్మా. అక్షరం ఎక్కువ రాసే అధికారం నాకు లేదు.” ఆవిడ గొంతు తగ్గించి, “ఇంగ్లీషు ప్రతి కూడా ఉంటుంది. సీలు రెండింటి మీదా వేస్తాను,” అన్నారు.

ఇరవై తొమ్మిదవ తేదీన ధ్రువం చుట్టూ షామియానాలు వేశారు. ఎండ ముప్పై ఆరు డిగ్రీలు. సిబ్బంది అందరికీ తెల్లటి ఉన్ని టోపీలు పంచిపెట్టారు. బ్యాండు మేళం వారికి మాత్రం బొచ్చు కోట్లు కూడా ఇచ్చారు. వారిలో ఊదేవాళ్ళు ఇద్దరు అప్పటికే నీడలో పడుకొని ఉన్నారు. ముఖ్య అతిథి కారు ఇంకా మద్దిలపాలెం దగ్గరే ఉన్నదని కబురు వచ్చింది. కార్యక్రమ పత్రంలో పదకొండు గంటలకు పత్రాల ప్రదానమనీ, పదకొండుంపావుకు ధ్రువప్రవేశమనీ అచ్చయి ఉన్నది. అచ్చయినదానిని ఉమాకాంతం గారు ఎన్నడూ మార్చరు. సరిగ్గా పదకొండు గంటలకు ఆయన మైకు అందుకున్నారు.

“మన మండలి ఆవిర్భావం తరువాత ప్రప్రథమంగా, సమ్మిళిత సాహసస్ఫూర్తికి ప్రతీకగా, సకల సౌకర్యసహితమైన దక్షిణ ధ్రువాన్ని...” అని ప్రారంభించి ఏడు నిమిషాలు మాట్లాడారు. తరువాత కమలకుమారి గారు అందించిన కాగితాల మీద సంతకాలు చేశారు. ఆవిడ ప్రతి సంతకం పక్కనా సీలు నొక్కి, ఎండలో ఆరనిచ్చి, సమ్మతి పత్రాన్ని స్పష్టంగా చదివారు.

“దక్షిణ ధ్రువము అవరోధరహితమని నిర్ధారణ అయినందున, కుమారి వాసుపల్లి నూకరత్నం గారి దక్షిణ ధ్రువ యాత్రకు ఈ మండలి సహర్షంగా సమ్మతి తెలియజేయడమైనది.”

నూకరత్నం పత్రాలు అందుకుంది. సీలు మీద పేరు, తేదీ, సంతకం వేలితో తడిమి చూసుకుంది. ఇంగ్లీషు ప్రతిని ఒడిలో చదునుగా పరిచి పట్టుకుంటే పోలయ్య తన ఫోన్‌తో ఫోటో తీశాడు. మొదటి ఫోటోలో సగం కాగితం, సగం బొటనవేలు పడ్డాయి. రెండోది బాగా వచ్చింది. ఆమె దానిని తన ఫోన్‌లోకి తెచ్చుకొని జట్టు నాయకుడికి పంపింది. మైకు దగ్గర అందరూ చప్పట్లు కొడుతున్నారు. ర్యాంపు మొదట్లో కట్టిన ఎర్రరిబ్బను ఆమె చక్రాలకు రెండడుగుల దూరంలో ఉన్నది.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఉమాకాంతం గారు కత్తెర పళ్ళెంలో పెట్టించి ఆమె ముందుకు పట్టించారు. అప్పుడు ఆమె ఒడిలో ఫోన్ కదిలింది. తెర మీద రెండు ముక్కలు: ‘అందింది. గ్లౌజులు మూడు జతలు తెచ్చుకో.’

ఆమె ఫోన్ మామకు చూపించింది. పోలయ్యకు ఇంగ్లీషు రాదు కానీ ఆమె ముఖం చదవడం వచ్చు. అతడు కత్తెర పళ్ళేన్ని మెల్లగా పక్కకు జరిపాడు. ఆమె ఎడమ చక్రాన్ని ఆపి కుడి చక్రాన్ని తోసింది. కుర్చీ గిర్రున తిరిగి గేటుకు ఎదురుగా నిలిచింది.

“అమ్మా! అమ్మా! ధ్రువం ఇటు కదమ్మా!” అన్నారు ఉమాకాంతం గారు, మైకు నోటి దగ్గరే ఉన్నదన్న సంగతి మరచిపోయి.

“దానికే ఎల్తన్నాను సార్. శానా దూరం ఉంది కదండీ!”

ఆమె రెండు చేతులూ జోడించి నమస్కరించింది. ఏడేళ్ళలో ఎవరూ ఎత్తకుండానే ఆమె పెట్టిన నమస్కారం అదొక్కటే. తరువాత గేటు వైపు సాగిపోయింది. బ్యాండు వారు దానిని సంకేతం అనుకొని వాయించడం మొదలుపెట్టారు.

ఉమాకాంతం గారు మైకు మూసి కమలకుమారి గారి దగ్గరకు వంగారు.

“ఆపవచ్చునా?”

“మనమే సమ్మతించిన యాత్రను ఆపే నిబంధన లేదు సార్.”

“పత్రం రద్దు చేస్తే?”

“గమ్యస్థానం అవరోధసహితమని రాయాలి సార్. ర్యాంపు లేదని రాయాలి.”

ఆయన ర్యాంపు వైపు చూశారు. ఒకటికి పన్నెండు. ఆ మాట రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

అప్పుడే ముఖ్య అతిథి కారు గేటులోకి తిరిగింది. గడియారం పదకొండుంపావు చూపిస్తున్నది. కార్యక్రమ పత్రంలో ధ్రువప్రవేశం అని ఉన్నది కానీ, ఎవరి ప్రవేశమో అచ్చు వేయలేదు. ఉమాకాంతం గారు ఉన్ని టోపీ సర్దుకొని, రిబ్బను తామే కత్తిరించి, రెండు చేతులతో కమ్మీలు పట్టుకొని ర్యాంపు ఎక్కసాగారు. రెండో మెలిక దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నారు. శిఖరం చేరి స్తంభాన్ని పట్టుకొన్నాక, అక్కడ తాను చేయవలసిన పని ఏమీ లేదని ఆయనకు అర్థమయింది. కింద చప్పట్లు మోగుతున్నాయి. పదకొండడుగుల ఎత్తు నుంచి బీచిరోడ్డు చాలా దూరం కనిపిస్తున్నది. ఆ రోడ్డు పల్లంలో నూకరత్నం కుర్చీ జోరుగా పోతున్నది. పోలయ్య పంచె ఎగగట్టి వెనుకనే పరుగెత్తుతున్నాడు. ఎంత పరుగెత్తినా ఆమెను అందుకోలేకపోతున్నాడు.